పండుగ కానుకగా గోడపటం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతకుముందు మాట్లాడిన పెద్దలు పిల్లల చదువుల గురించి, ఉపకార వేతనాల గురించి చెప్పారు. నాకు మాత్రం కార్యదర్శిగారు చిన్న విషయం అప్పగించారు. రంజానుకీ బక్రీదుకీ మనం ఒకరికొకరం గోడపటాలు ఇచ్చుకుంటున్నాం కదా, వాటిని ఎలా ఎంచుకోవాలో నాలుగు ముక్కలు చెప్పమన్నారు. వినడానికి ఇది చిన్నదే. అయినా దీంట్లో మన ధర్మమూ ఉంది, భాషా ఉంది, డబ్బు సంగతీ ఉంది.

కానుకలు ఇచ్చుకుంటే పరస్పర ప్రేమ పెరుగుతుందని మహాప్రవక్త (స) బోధించారు. ఇవ్వడం మంచిదే. అయితే మిఠాయి మూడు రోజుల్లో అయిపోతుంది. బట్టలు రెండేళ్ళకు పాతబడతాయి. పటం అలా కాదు. ఇచ్చినవారు మరిచిపోయినా, పుచ్చుకున్నవారి గోడమీద ఇరవై ఏళ్ళు ఉంటుంది. అందులో అల్లాహ్ నామమో, ఖురాన్ ఆయతో ఉంటే, నచ్చకపోయినా తీసి అవతల పారవేయడానికి వీల్లేదు. చెదలు పట్టినా, అద్దం పగిలినా గౌరవంగా దాచాలి, లేదా శుభ్రమైన గుడ్డలో చుట్టి నలుగురూ తొక్కని చోట పూడ్చాలి. అంటే మనం వస్తువుతోపాటు ఒక బాధ్యతను కూడా వాళ్ళ చేతుల్లో పెడుతున్నామన్నమాట. అందుకే నా మనవి ఒక్కటే. పుచ్చుకునేవారి ఇల్లు చూసి పటం కొనండి గాని, కొట్లో పటం చూసి మోజుపడి కొనకండి.

మొదట డబ్బు సంగతి. రంజాను పండుగ నమాజుకు ముందే ఫిత్రా చెల్లించాలని మనందరికీ తెలుసు. ఏ ఇంట్లోనూ పండుగపూట పస్తు ఉండకూడదనేగా ఆ ఏర్పాటు! మన చుట్టాల్లోనే షీర్ ఖుర్మాకు పాలు, సేమ్యాలు కొనలేని ఇల్లు ఉంటే, ఆ ఇంటికి బంగారు రంగు చట్రంతో పెద్ద పటం పట్టుకెళ్ళడం ఏం బాగుంటుంది? ముందు ఆ ఇంటి పొయ్యి వెలగాలి. పటం సంగతి ఆ తర్వాత.

ఇక అక్షరాల సంగతి. గోడమీద అందమైన రాత అనేది మన ప్రాంతానికి కొత్త కాదు. గోలకొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధులను చూసినవారికి తెలుసు, నల్లరాతిమీద అరబీ అక్షరాలను ఎంత ఓపికగా చెక్కారో! హైదరాబాదులో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడలమీద రంగురంగుల పెంకులతో కూర్చిన అక్షరాలు నాలుగు వందల ఏళ్ళయినా ఇంకా కళ్ళకు కడుతున్నాయి. ఈ విద్యకు లెక్కలున్నాయి. పదో శతాబ్దంలో బాగ్దాదులో వజీరుగా పనిచేసిన ఇబ్న్ ముఖ్లా, కలం మొనతో పెట్టిన చుక్కనే కొలతగా తీసుకొని ప్రతి అక్షరం పొడవు, వంపు నిర్ణయించాడు. నస్ఖ్ రాత చదవడానికి తేలిక. సులుస్ రాత పెద్దగా, ఠీవిగా ఉంటుంది. ఉర్దూకు వాడే నస్తాలీఖ్ కిందికి జారుతున్నట్టు ఉంటుంది. చదువుకునే పిల్లలున్న ఇంటికి నస్ఖ్‌లో రాసింది ఇవ్వండి. అల్లుకుపోయిన అక్షరాల తుగ్రా చూడ్డానికి బాగుంటుంది కాని, పిల్లలు కూడబలుక్కుని చదవలేరు.

కొనేముందు అరబీ చదవగలిగినవారికి తప్పకుండా చూపించండి. ఇది అతి ముఖ్యం. బే, తే, సే అక్షరాల రూపం ఒకటే. కింద ఒక చుక్క పెడితే బే, పైన రెండు పెడితే తే, మూడు పెడితే సే. ఉర్దూలో 'రహ్మత్' అంటే దయ, కరుణ. మొదటి అక్షరంమీద ఒక్క చుక్క పడితే అది 'జహ్మత్' అవుతుంది. జహ్మత్ అంటే కష్టం! యంత్రంమీద వేలకొద్దీ అచ్చువేసే పటాల్లో చుక్క జారినా, అక్షరం తిరగబడినా అడిగేవాడుండడు. ఖురాన్ వాక్యంలో తప్పుంటే అది ఏళ్ళ తరబడి గోడమీదే ఉండిపోతుంది. ఇమాంగారికో, మదర్సా ఉస్తాదుకో ఐదు నిమిషాలు చూపిస్తే సరిపోతుంది.

ఇప్పుడు మన భాష సంగతి. ఉన్నమాట చెప్పుకుందాం. కోస్తాలోను, రాయలసీమలోను, తెలంగాణ పల్లెల్లోను ఎన్నో ముస్లిం కుటుంబాల్లో చదువూ రాతా తెలుగే. మన పిల్లలు అరబీ అక్షరాలు కూడబలుక్కుని చదివినా అర్థం తెలియదు. రోజూ కళ్ళెదుట ఉండే వాక్యం ఏమంటోందో తెలియకపోతే, అది గోడకు అలంకారమే అవుతుంది గాని మనసుకు తాకదు. స్వాతంత్ర్యానికి పూర్వమే చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెలుగు చేశారు. ఆ తర్వాత మరికొన్ని అనువాదాలు వచ్చాయి. కనుక అర్థానికి కొరత లేదు. పటం కింద తెలుగులో అర్థం రాయించండి. చట్రంలో చోటు లేకపోతే విడిగా ఒక కార్డుమీద రాసి వెనక అంటించండి. కాతిబుకు ఇచ్చే కూలితో పోలిస్తే దీనికయ్యే ఖర్చు లెక్కలోది కాదు. ఆ ఇంటి చిన్నపిల్ల, "నానీమా! ఇదేమని రాశారు?" అని అడిగితే, చెప్పడానికి నానీమా దగ్గర జవాబుండాలి.

ఆయతులను గోడకు తగిలించే విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉంది. ఖురాన్ చదివి నడుచుకోవడానికే గాని వేలాడదీయడానికి కాదని కొందరంటారు. గౌరవంగా ఉంచితే తప్పులేదని కొందరంటారు. ఆ తగవు తీర్చడం నా పని కాదు. పుచ్చుకునేవారు ఏ అభిప్రాయం కలవారో ముందే కనుక్కోవడం మాత్రం మన పని. ఇంకొకటి. ఆయతుల్ కుర్సీ పటం తగిలిస్తే దొంగలు రారనో, దిష్టి తగలదనో చెప్పి అమ్మేవారున్నారు. కాపాడేవాడు అల్లాహ్. కాగితాన్నీ, అద్దాన్నీ అంతదూరం నమ్ముకోవద్దు.

బొమ్మల సంగతి కూడా చూడాలి. బొమ్మలున్న తెరను హజ్రత్ ఆయిషా (ర) ఇంట్లో చూసి ప్రవక్త (స) ఇష్టపడలేదని హదీసుల్లో ఉంది. జీవుల బొమ్మలున్న పటాలు నమాజు చేసే ఇంటికి కానుకగా వద్దు. మనకు ఖిబ్లా పడమటి దిక్కున, కొద్దిగా ఉత్తరానికి మొగ్గి ఉంటుంది. నమాజులో మనసు చెదరకుండా ఆ గోడను బోసిగా ఉంచడమే మేలు. ఒంటిగది ఇల్లయితే పటం పెట్టడానికి వేరే గోడ ఉందో లేదో ఆలోచించండి. అద్దె ఇల్లయితే మేకు కొట్టనివ్వరు. వాళ్ళకు బల్లమీద నిలబెట్టుకునే చిన్న పటం మేలు. పాత ఇళ్ళలో వానాకాలం గోడ చెమ్మగిలుతుంది. చట్రం వెనక మూలల్లో చిన్న చెక్కముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది, కాగితం బూజు పట్టదు.

ఆయతు వద్దనుకునేవారికి ఏమివ్వాలి? మన చేతిపనులు లేవూ! 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న బీదరు, బిద్రీ పనికి పుట్టిల్లు. జింకు, రాగి కలిపి పోతపోసి, వెండితీగ పొదిగి, బీదరు కోట మట్టిని నవాసాగరంతో కలిపి మరిగించి పూస్తే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే ఉంటుంది. పూలతీగలున్న బిద్రీ పళ్ళెం గోడకు ఎంతో హుందాగా ఉంటుంది. ఇక మచిలీపట్నం, పెడన కలంకారీ ఉండనే ఉంది. గోలకొండ నవాబుల కాలంలో ఇరాన్‌దాకా వెళ్ళిన గుడ్డ అది. చెట్టు, పూలు ఉన్న కలంకారీ తెర ఏ ముస్లిం ఇంటికైనా నప్పుతుంది. పండుగకు మనింటికి వచ్చే హిందూ, క్రైస్తవ మిత్రులకు ఇవ్వడానికీ బాగుంటుంది. చుట్టి పెట్టుకోవచ్చు, అద్దం పగులుతుందన్న భయం లేదు.

చివరగా సంఘానికి రెండు సూచనలు. హైదరాబాదులో ఛత్తా బజారు కాతిబులకు పేరుపడ్డ వీధి. 1990ల తర్వాత కంప్యూటరు ఉర్దూ రాత రావడంతో చాలామంది కలం పక్కన పెట్టి వేరే పనులు చూసుకున్నారు. మనం అచ్చుపటాలు పది కొనే బదులు, చేత్తో రాసింది ఒక్కటి రాయించుకుంటే ఒక ఇంట్లో పండుగ జరుగుతుంది. ఆ విద్య ఇంకొన్నాళ్ళు బతుకుతుంది. రెండోది, వచ్చే రంజానుకు మన పిల్లలకు వెదురు కలాలు ఇచ్చి పోటీ పెడదాం. పైన అరబీలో బిస్మిల్లా, కింద తెలుగులో అర్థం. ఉస్తాదుగారు దిద్దిన తర్వాత వాటికి చట్రాలు కట్టించి, సంఘం సాయం పొందే కుటుంబాల్లో కావాలన్నవారికి పండుగ సరుకులతోపాటు ఇద్దాం. చట్రాల ఖర్చుకు నా వంతు చందా ఈ సభలోనే ఇస్తున్నాను. మిగతావారు కోశాధికారిగారికి పేర్లు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

 అల్లాహ్ మన కానుకలను, అంతకంటే ముందు మన ఉద్దేశాలను స్వీకరించుగాక! ఆమీన్. ఖుదా హాఫిజ్.