మీర్ సుల్తాన్ ఖాన్ చదరంగము



చదరంగము మన దేశమున పుట్టినదని చెప్పుకొనుట మనకు పరిపాటి. మధ్యాహ్న విరామమున కార్యాలయపు వసారాలో బల్ల పరచినప్పుడు, ఆటగాండ్రకంటె చుట్టు మూగిన చూపరులే ఎక్కువ ఎత్తులు చెప్పుటయు పరిపాటియే. కాని మన దేశవాళీ ఆటనుండి సరాసరి ప్రపంచపు మేటి ఆటగాండ్ర నడుమకు నడచిపోయిన మీర్ సుల్తాన్ ఖాన్‌ను గూర్చి మనలో ఎరిగినవారు తక్కువ.

పంజాబులోని మిఠా టివానా ఆయన జన్మస్థలము. అది నేడు పాకిస్తానులో నున్నది. బాల్యమున తండ్రివద్ద నేర్చినది దేశవాళీ చదరంగము. అందు బంటు మొదటి ఎత్తుననైనను ఒక్క గడి మాత్రమే కదలును. పాశ్చాత్యులవలె కోట కట్టుట లేదు; రాజు ఒక్కసారి గుర్రపు నడక నడువవచ్చును. కావున ఇరుపక్షముల బలములును తీరికగా ఎదురుపడును. అట్టి ఆటలో పెరిగినవానికి తొందర యుండదు. ఎదుటివాని బలహీనస్థానమును కనిపెట్టి, గంటలకొలది దానిని వదలకుండుట వానికి సహజమగును. బల్లపై నాలుగు పావులు మిగిలినప్పుడే వాని అసలు బలము బయటపడును.

భూస్వామియగు సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఆయనను చేరదీసి పాశ్చాత్య నియమములు నేర్పించెను. 1928లో అఖిల భారత పోటీలో 9 ఆటలకు 8 గెలిచి, ఒకటి సమముచేసి ప్రథముడయ్యెను. మరుసటి సంవత్సరము లండను ప్రయాణము.

అక్కడ మొదట ఎదురైనది పరాభవమే. ఆయన అభ్యాసమునకై ఏర్పరచిన చిన్న పోటీలో చివరి స్థానమును మరియొకరితో పంచుకొనెను. ప్రారంభపుటెత్తులను గూర్చి ఐరోపావారు గ్రంథములకు గ్రంథములు వ్రాసి కంఠస్థము చేసియుండిరి. వారు చదివి తెలిసికొన్నదానిని ఆయన గడియారము నడచుచుండగా, బల్ల యెదుట కూర్చుండి స్వయముగా ఊహించుకొనవలసి వచ్చెను. దేశవాళీ ఆట ఇచ్చిన ఓపికయు, అది నేర్పని ప్రారంభమును ఒకే చెట్టు కాయలు! ఆ పోటీలో తనకంటె ముందు నిలిచిన వింటర్, యేట్స్ అను ఆంగ్లేయులే పిదప ఆయనకు శిక్షణ నిచ్చిరి. వారి ఔదార్యము మెచ్చదగినది. ఆ వేసవిలోనే రామ్స్‌గేట్‌లో ఆయన బ్రిటిషు ఛాంపియన్ అయ్యెను. 1932, 1933లలో ఆ బిరుదును మరల గెలిచెను.

ఆయన ఎదిగిన తీరునకు రెండు లెక్కలు చాలును. 1930లో హాంబర్గున జరిగిన ఒలింపియాడ్‌లో ఇంగ్లండు మొదటి బల్లపై 17 ఆటలాడి నాలుగు ఓడెను. 1931లో ప్రాగులో అదే బల్లపై 17 ఆడి రెండే ఓడెను. రూబిన్‌స్టీన్, ఫ్లోర్‌లను గెలిచి, నాటి జగజ్జేతయగు అలెఖిన్‌తో సమముచేసెను. ఆ సంవత్సరమే 12 ఆటల ద్వంద్వ పోటీలో టార్టకోవర్‌ను ఒక్క పాయింటు తేడాతో ఓడించెను.

ఆయన శైలిని చూడదలచినవారు 1930–31 హేస్టింగ్సు పోటీలో కాపాబ్లాంకాతో ఆడిన ఆటను బల్లపై పేర్చి చూడవలెను. ఆ మాజీ జగజ్జేత సులభముగా ఓడువాడు కాడు. తన రెండేనుగులను విడిచి ఎదుటి మంత్రిని తీసికొని, దానితో గట్టి రక్షణ నిలిపెను. సుల్తాన్ ఖాన్ ఆ గోడపై దూకలేదు. అటు ఇటు తిరిగి, ఒక్కొక్క ఇటుకను వదలించెను. ఆట అరువదికి పైగా ఎత్తులు సాగినది. కంటికి మిరుమిట్లు గొలుపు ఎత్తులకై వెదకువారికి ఆ ఆట రుచింపదు. ఓపిక కలవారికి అంతకు మించిన పాఠము లేదు.

ఐరోపాలో ఆయన ఆట ఐదేండ్లైనను నిండలేదు. ఆయన ఉమర్ హయాత్ ఖాన్‌కు సేవకుడని కొందరు పాశ్చాత్యులు వ్రాసిరి. కుటుంబమువారు ఆ మాటను ఖండించిరి. ఏదియైనను, ప్రయాణము ఆశ్రయదాతది. 1933 చివర ఆయన స్వదేశమునకు మరలగా సుల్తాన్ ఖానును మరలెను. 1935లో ఖాడిల్కర్‌తో 10 ఆటలాడి, ఒక్కటి మాత్రము సమముచేసి తక్కినవన్నియు గెలిచెను. ఎదుగుదల ఆగలేదనుటకు అదియే సాక్ష్యము; ఆగినది అవకాశము. పిదప పోటీలు లేవు, వ్యవసాయమే.

1950లో అంతర్జాతీయ సమాఖ్య గ్రాండ్‌మాస్టర్ బిరుదును నెలకొల్పి, ఆయన చేతిలో ఓడిన రూబిన్‌స్టీన్, ఫ్లోర్, టార్టకోవర్‌లకు ఒసగెను. ఆ జాబితాలో ఆయన పేరు లేదు. 1966లో ఆయన సర్గోధాలో మరణించెను. 2024లో అదే సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదును ప్రకటించెను.