ఒక్క నిమిషం ఆటకు తీర్పరి ధర్మం
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాయంకాలం జరగబోయే 'ఒక్క నిమిషం' ఆటకు నియమాలు మార్చాలా, అక్కరలేదా అని మన కార్యవర్గంలో రెండు నెలలుగా వాదోపవాదాలు నడుస్తున్నాయి. నవ్వుకోవడానికి పెట్టుకున్న ఆట గదా. వాదనలో మాత్రం ఒక్కరూ నవ్వలేదు. అందుచేత మా పక్షం మీ అందరి ముందు మనవి చేసుకుంటున్నాము.

ఈ ఆట పుట్టిల్లు ఇంగ్లండు. 'జస్ట్ ఎ మినిట్' అనే పేరుతో బి.బి.సి. రేడియోలో 1967 డిసెంబరు 22న మొదలయింది. రూపొందించినవారు ఇయన్ మెసిటర్. బడిలో పరధ్యానంగా ఉన్న తనను పంతులుగారు లేపి, ఇంతవరకు చెప్పిన పాఠాన్ని తడుముకోకుండా, అన్నమాట మళ్ళీ అనకుండా ఒక నిమిషం అప్పజెప్పమన్నారట. ఆ శిక్షే తరవాత ఆట అయింది. నలుగురు కూర్చుంటారు. ఇచ్చిన విషయం మీద అరవై సెకండ్లు మాట్లాడాలి. తడబాటు, పునరుక్తి, విషయం తప్పడం కూడవు. తప్పు పట్టినవారి ఆక్షేపణ నిలిస్తే వారికి ఒక పాయింటు, మిగిలిన సమయం కూడా. నిలవకపోతే పాయింటు మాట్లాడుతున్నవారిదే. ఈల వేసేటప్పటికి ఎవరి నోట మాట నడుస్తున్నదో వారికి ఇంకొకటి.

నికొలస్ పార్సన్స్ అనే ఆయన యాభై ఏళ్ళకు పైగా, 2019 దాకా దీనికి తీర్పరిగా ఉన్నారు. 2020లో కాలం చేశారు. ఆయన తీర్పు మీద కెన్నెత్ విలియమ్స్ గొంతు చించుకొని పోట్లాడేవారు. క్లెమెంట్ ఫ్రాయిడ్ నియమాన్ని అక్షరం వదలకుండా పట్టుకునేవారు. ఆ తగవులే శ్రోతలకు సగం విందు. ఆక్షేపణ తప్పయినా చమత్కారంగా ఉంటే ఆక్షేపించినవారికీ ఒక పాయింటు, అడ్డు తగిలించుకున్నవారికీ ఒక పాయింటు ఇచ్చేవారు. ఎటూ తేలనప్పుడు 'సందేహం వీరికి లాభం' అని పైకి చెప్పి మరీ ఇచ్చేవారు. ఒక్కొక్కసారి సభనే అడిగేవారు. ఇన్నేళ్ళలోనూ మూల నియమాలు మూడే.

2012లో ఆ బృందం మన బొంబాయికే వచ్చి రెండు ప్రసారాలు రికార్డు చేసుకొని వెళ్ళింది; సైరస్ బ్రోచా, అనువబ్ పాల్ వారితో కలిసి ఆడారు. మన పిల్లలు దీనిని కాలేజీ ఉత్సవాలలో 'జామ్' అనే పేరుతో నేర్చుకొని వచ్చారు. మన పెద్దలకు మటుకు కొత్తేమున్నది? అవధానంలో నిషిద్ధాక్షరి అడ్డుపడుతూనే ఉంటుంది, అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు కొంటె ప్రశ్నలు వేస్తూనే ఉంటాడు.

ఆటను తెలుగులో ఆడబోతే చిక్కులు తెలుగువే. 'చిన్న చిన్న' అంటే పునరుక్తి అని ఒకరు ఈల వేశారు. అట్లా అయితే 'పట్టపగలు' అన్నా వేయాలి, వ్యాకరణం ప్రకారం అందులో ఉన్నవి రెండు పగళ్ళు! ఆమ్రేడితం మన భాషకు ఊపిరి; జంటమాట ఒకే మాటగా లెక్కించాలని మా మనవి. విభక్తి మారితే వేరే మాట అనే వాదనకు మాత్రం మేము ఒప్పుకోము. ఇంగ్లీషు ఆటలో ఏకవచనం ఒకటి, బహువచనం ఒకటి అని వదిలిపెడతారు. ఇక్కడ వదిలితే ఇల్లు, ఇంటిని, ఇంటితో, ఇంటికి అంటూ నిమిషం సుఖంగా గడిపేయవచ్చు. ఆనపకాయ అని, తరవాత సొరకాయ అంటారా, అవి రెండు మాటలే.

అసలు తగవు వేరు. తెలుగు కాని మాట దొర్లితే విషయం తప్పినట్లే అని నియమం చేర్చాలట. నిరుడు నియమం చేర్చకుండానే తీర్పు వచ్చింది. 'మా ఇంటి వంట' మీద మాట్లాడుతూ ఇక్కడే పుట్టిన ఒక పదేళ్ళ బాబు, నాయనమ్మ మేథీ భాజీ చేస్తుందన్నాడు. ఈల పడింది. మెంతికూర అనాలని సెలవిచ్చారు. హాలంతా నవ్వింది. బాబు మైకు ఇచ్చేసి దిగిపోయాడు. ఆ వెంటనే ఒక పెద్దమనిషి స్టేషను, టిక్కెట్టు, ఆఫీసు అంటూ నిమిషం నిండా మాట్లాడారు. ఈల పడలేదు, చప్పట్లు పడ్డాయి.

ఆఫీసు తెలుగయినప్పుడు భాజీ ఎందుకు కాదు? మూడు తరాలుగా మరాఠీ ఇరుగుపొరుగుల మధ్య ఉన్న వంటింటి మాట అది. నియమం కఠినంగా ఉన్నా ఆడవచ్చు. పిల్లవాడికొకటి, పెద్దవారికొకటి అయితే ఎవరు ఆడతారు? ముందు చెప్పని నియమం ఆట మధ్యలో పుట్టకూడదు.

పిల్లలకు తడబాటు నియమమే ఎత్తివేయాలని కొందరు దయతలచారు. పిల్లలు దయను ఇట్టే పసిగడతారు, అది వారికి నచ్చదు. పన్నెండేళ్ళలోపువారికి మూడు సెకండ్ల గడువు, గడియారం చూసి, అందరికీ ముందే చెప్పి ఇస్తే చాలు.

తీర్పరులు ఇద్దరుండాలి, ఒకరు తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబంవారు, ఒకరు కోస్తావారు. మాట పరాయిదని ఈల వేయడం ఇద్దరికీ నిషిద్ధం. మీరు చేతులెత్తి సరే అంటే ఈ సాయంకాలం నుంచే అమలు. పేర్లు నాలుగు గంటలవరకు కార్యదర్శిగారి బల్ల దగ్గర రాసుకుంటారు. నిరుటి బాబు పేరు ఇంతవరకు జాబితాలో లేదు. వాళ్ళ నాయనమ్మగారు ఆ కుడివైపు వరుసలో కూర్చున్నారు. అమ్మా, మీరొకమాట చెప్పి చూడండి.