పచ్చని పందిరి క్రింద పాఠశాల

(నెల్లికుదురు సభలో నొసంగిన యుపన్యాసము)



పంటపొలముల నడుమ పుట్టి పెరిగిన బాలుడు మొక్క యెట్లు బ్రదుకునో బల్లమీది బొమ్మను జూచి నేర్చుకొనుచున్నాడు. ఇంతకన్న వింత వేఱొకటి గలదా? ఆకు సూర్యకాంతితో నాహారము నెట్లు సిద్ధము చేసికొనునో పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనును. ఇంటికి బోయి తండ్రి మిరపచేనిలో ముడుచుకొనిన యాకును జూచి కారణము చెప్పజాలడు. పుస్తకమునకును పొలమునకును నడుమ లేచిన యీ గోడను గూల్చుటకు పాఠశాల యావరణమున నొక పచ్చని పందిరి వేయవలెననియు, మొక్కల పెంపకశాలయు తరగతిగదియు నదియే కావలెననియు మేము కోరుచున్నాము.

ఈ భావము క్రొత్తది గాదు. 1901లో స్థాపించిన శాంతినికేతన విద్యాలయమున రవీంద్రనాథ ఠాకూరు చెట్లనీడను పాఠములు చెప్పించెను. 1937 అక్టోబరులో గాంధీమహాత్ముని యధ్యక్షతన వార్ధాయందు గూడిన విద్యాసభ చేతిపనిని విద్యకు కేంద్రముగా జేసెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము అనుభవపూర్వకమైన చదువే మేలని చెప్పుచున్నది. మాటలకు లోటు లేదు, పందిరికే లోటు.

న్యాయవాద వృత్తిలోని వారము గనుక ఎదుటిపక్షపు వాదమును ముందుగా విందుము. “అద్దపుటిల్లు శీతదేశములకు దగినది, మన యెండలో నందు కూర్చున్న పిల్లలు వాడిపోవుదురు” అందురు. నిజమే. అద్దముగుండ వచ్చిన యెండ లోపలి నేలను వేడిచేయును. వేడెక్కిన గాలి వెలికి బోజాలక నిలిచిపోవును. చలిదేశమునకు వరమైనది మనకు శాపమగును. కావున మనకు వలసినది అద్దపుటిల్లు గాదు, సగమెండను ఆపు నీడవల పందిరి. నలుప్రక్కల గాలి యాడవలెను. కప్పు ఎత్తుగా నుండవలెను. పిల్లలు కూర్చుండు భాగముపై వాననాపుటకు పెంకులు వేయవలెను. తాటాకును, పూరిని దరిజేర్చరాదు. 2004లో కుంభకోణమున పాఠశాల పూరికప్పు అంటుకొని 94 మంది పసివారు బలియైరి. వంటపొయ్యికి పందిరి దూరముగా నుండుటయు నందుకే యవసరము.

“కోతులు మిగులనిచ్చునా?” అని రెండవ యాక్షేపము. కోతులబాధచే పెరటిపాదులు మానుకొనిన యిండ్లు మన ప్రాంతమున ననేకములు గలవు. అందుచేత ప్రక్కలకు ఇనుపజాలి తప్పదు. “వేసవి సెలవులలో నీరెవరు పోయుదురు?” అని మూడవది. జూన్‌లో విత్తి మార్చి నాటికి పంట ముగింతము; వేసవిలో మళ్లను ఖాళీగా ఎండబెట్టుదము. ఆ యెండయే మట్టిలోని పురుగును తెగులును అణచును.

ఇక లెక్క. ముప్పది యడుగుల పొడవు, ఇరువది యడుగుల వెడల్పు గల పందిరి 600 చదరపుటడుగులు. నలువదిమంది పిల్లలకు తలకు పది చొప్పున 400 పోగా 200 చదరపుటడుగులు మళ్లకు మిగులును. ఈ లెక్కయే గణితములో మొదటి పాఠము. లోపల నొకటి, వెలుపల నొకటి ఉష్ణమాపకము వ్రేలాడదీసి దినదినము వ్రాసినచో నది భౌతికశాస్త్రము. 98 గుంటల పళ్లెములో మిరపవిత్తు చల్లి, మొలిచిన వెన్నియో లెక్కించినచో శాతములు వచ్చును. సుమారు నలువది దినములకు నారు నాటుటకు సిద్ధమగును. దాని దినచర్యను వ్రాయుటయే తెలుగు పాఠము. మధ్యాహ్న భోజనానంతరము చేతులు కడిగిన నీరు మళ్లకు బారవలెను. పిల్లలు కూర్చుండుచోట విషపు మందులు చల్లరాదు, వేపకషాయము చాలును.

2021-22లో తామరపురుగు మిరపపూతను పాడుచేయగా తెలంగాణమున నెందఱో రైతులు అప్పులపాలైరి. భూతద్దముతో నాకు క్రిందిభాగమును వారమువారము పరీక్షించు నలవాటు బిడ్డలకు గలిగినచో, రాబోవు తెగులును చేను తగులబడక మునుపే గుర్తించు కన్నులు ప్రతియింట నుండును. ఇదియే మా యాశ. మన జిల్లాలోని మల్యాల కృషి విజ్ఞాన కేంద్రము వారి సలహా కోరుట సులభము.

ఒక హెచ్చరిక. ఈ పందిరి పిల్లలచే కూలి చేయించుటకు గాదు. ఆడపిల్లలు ఊడ్చుటయు, మగపిల్లలు అధికారము చేయుటయు నందుండరాదు. అందఱి చేతికిని మట్టి యంటవలెను. పెద్దలారా! ఒకరు ఇనుము, ఒకరు వల, ఒకరు పెంకులు, రెక్కలుగలవారు ఒకదినపు శ్రమ నిండు. శిలాఫలకమున పేరు కోరకుడు. ఆ పందిరిక్రింద పెరిగిన నారు మీ చేలలో నాటబడినపుడు మీ దానము ఫలించినదని యెఱుగుదురు గాక!