మంచినీటి మత్స్యముల లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

లెక్కలు వ్రాయుట నా వృత్తి. చదువుట నా వ్యసనము. బడిలో నేర్చినది స్వల్పము. ఈ గ్రంథాలయపు బీరువాలే నాకు గురువులు. భాగవతము చదువునపుడు మత్స్యావతార ఘట్టమున ప్రతిసారియు ఆగుదును. సత్యవ్రతుని దోసిట పడిన చిరుచేప, పెద్దచేపల వలన తనకు భయమని, కాపాడుమని వేడుకొనెను. ఆ మొర నేడు భూమండలమంతటను వినబడుచున్నది.

భూమిమీది నీటినంతటిని పదివేల పాళ్లు చేసినచో నదులలోను, సరస్సులలోను ఉన్నది సుమారు ఒక్క పాలు. అయినను మత్స్యజాతులలో ఇంచుమించు సగము, అనగా 18,000 జాతులకు పైగా, మంచినీటిలోనే బ్రతుకుచున్నవి. ఏల యనగా, సముద్రము ఒక్కటి, నదులు అనేకములు. నడుమ కొండ అడ్డమైనచో ఈ ఏటి చేప ఆ ఏటికి పోజాలదు. అట్లు వేరుపడినవి తరతరములకు వేరు జాతులైనవి.

ఖండములవారీగా చూతము. దక్షిణ అమెరికాలో అమెజాన్ పరీవాహమునందే రెండువేలకు మించిన జాతులు కలవు. ఆఫ్రికాలోని టాంగన్యీకా, మలావీ, విక్టోరియా సరస్సులలో సిక్లిడ్ అను చేపలు వందల విధములు. వానిలో పెక్కింటి తల్లులు గుడ్లను నోటనే పొదుగును. ఆసియాలోని మెకాంగ్ నదిలో, కంబోడియా దేశమున, 2022లో 300 కిలోల చేప పట్టుబడగా, తూచి తిరిగి నీట విడిచిరి. ఆస్ట్రేలియా ఎండుభూమి, జాతులు తక్కువ. అయినను ఊపిరితిత్తితో గాలి పీల్చు చేప అచ్చట కలదు. దాని జ్ఞాతులు ఆఫ్రికా, దక్షిణ అమెరికాలలో ఉన్నవి. ఆ ఖండములు ఒకప్పుడు కలిసియుండెననుటకు ఇదియొక సాక్ష్యము. అంటార్కిటికా ఖాతాలో శూన్యము.

ఇక ఖర్చుపద్దు. 1950 ప్రాంతమున విక్టోరియా సరస్సులో నైలు పెర్చ్ అను పెద్దచేపను విడిచిరి. ఎగుమతి పెరిగినది, ధనము వచ్చినది. కాని వందలకొలది చిరుజాతులు కనుమరుగైనవి. చైనాలోని యాంగ్సీ నదిలో తెడ్డుమూతి చేప యుండెడిది. 1981లో గెజోబా ఆనకట్ట దాని దారిని మూసెను. 2022లో ఆ జాతి అంతరించినదని ప్రకటించిరి.

దూరదేశముల తప్పు చెప్పి నా తప్పు దాచుట న్యాయము కాదు. మన చెరువు వేలపు కాగితము ఒక ఏడు నా చేతనే వ్రాయబడినది. ఆదాయము చూచితినేగాని ఏ చేప వేయుదురో అడుగనైతిని. ప్రభుత్వము 2000లోనే నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ చెరువున పడినది. అంతకుముందు మన మత్స్యకార వృద్ధుడొకరు కొరమీను, వాలుగ, ఇంగిలాయి, పరిగ అనుచు ఇరువదికి పైగా పేర్లు చెప్పెడివారు. మొన్న వల తీసినపుడు ఆయన వ్రేళ్లపై ఆరు మాత్రమే లెక్కించి మౌనము వహించిరి. నా దస్తరములో చెరువు విస్తీర్ణము కలదు, ఆయకట్టు కలదు. ఆ పేర్లు మాత్రము లేవు.

కావున నాది ఒక మనవి. ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమున ఒక క్రొత్త పుస్తకము తెరువుడు. వల వేయువారు చెప్పగా బడిపిల్లలు మన చేపల పేర్లు వ్రాయవలెను. వేలపు షరతులలో పరదేశపు చేప కూడదని చేర్చవలెను. లెక్కలో తప్పు దొరలిన కొట్టివేసి తిరిగి వ్రాయవచ్చును. పోయిన జాతిని తిరిగి వ్రాయు కలము లేదు.