బందరు పట్టణ దర్శనము



పాత పట్టణమును చూడబోవువారు తరచుగా గోడలను మాత్రమే చూచి వత్తురు. ఆ గోడల నడుమ ఎవరు మెలగిరో, ఏమి చేసిరో తెలుపువాడు తోడు లేనిచో చూచియు చూడనట్లే యగును. ఇటీవల నేనొక దినమెల్ల మచిలీపట్టణమును తిరిగి చూచితిని. దీనినే మనము బందరందుము. పారసీక భాషలో బందరనగా ఓడరేవు. ఆ యూరిలోనే పుట్టి పెరిగిన నా పూర్వశిష్యుడొకడు నాకు దారి చూపెను. ఒకప్పుడు నేను వానికి పాఠము చెప్పితిని. ఆ దినమున వాడు చెప్పగా నేను వింటిని.

ప్రొద్దుననే పేటలగుండ నడచితిమి. ఒకటి వలందపాలెము, ఒకటి ఇంగ్లీషుపాలెము, మరియొకటి పరాసుపేట. వలందులనగా డచ్చివారు, పరాసులనగా ఫ్రెంచివారు. గోలకొండ సుల్తానుల కాలమున ఇది వారి రాజ్యమునకు ముఖ్యమైన రేవు. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను ఇచ్చటికి వర్తకమునకై వచ్చిరి. తరువాత ఫ్రెంచివారును వచ్చిరి. 1759లో ఆంగ్లేయులు ఫ్రెంచివారినుండి ఈ కోటను పట్టుకొనిరి. పుస్తకములలో నేను చదివిన యీ చరిత్రను ఆ యూరివారు పేటల పేర్లలో దాచుకొన్నారు.

పిమ్మట కోట శిథిలములను, డచ్చివారి సమాధులను చూచితిమి. సమాధుల రాళ్ళపై వారి వంశచిహ్నములును, అక్షరములును శ్రద్ధతో చెక్కబడియున్నవి. వేల మైళ్ళు దాటి వచ్చి ఈ మట్టిలో కలిసిన వారిని తలచి జాలిపడితిని. అంతట నా శిష్యుడు, "పంతులుగారూ, కొన్నవారి పేర్లు రాతిమీద నిలిచినవి. వారు కొన్న బట్టను నేసినవారి పేరొక్కటియు ఎచ్చటను లేదు. వారి పని మాత్రము బ్రదికియున్నది, చూతము రండు" అని నన్ను పెడనకు తీసికొనిపోయెను.

పెడన బందరుకు సమీపమునే యున్నది. అచ్చట కలంకారీ బట్టలు వేయుదురు. బట్టను కరక్కాయ నీటిలోను, గేదెపాలలోను నానబెట్టి ఆరవేయుదురు. ఇనుప తుప్పును బెల్లముతో ఊరవేయగా నలుపు వచ్చును. పటిక కలిపిన ద్రవముతో కొయ్య అచ్చును అద్ది, బట్టను వేళ్ళ రంగులో ఉడికింపగా, పటిక తగిలిన చోటనే ఎరుపు పట్టును. ఈ విద్యకై పారసీకమునుండియు, ఐరోపానుండియు ఓడలు వచ్చెను. 1687లో గోలకొండ పడిపోయినది, చెన్నపట్టణము పెరిగినది, సీమ యంత్రముల బట్ట వచ్చినది, రేవు మేటవేసినది. పేరు తగ్గినను అచ్చువేయు చేయి ఆగలేదు.

మధ్యాహ్నము ఆంధ్ర జాతీయ కళాశాలను చూచితిమి. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్లు 1910లో దీనిని స్థాపించిరి. జాతీయ పతాకమును రూపొందించిన పింగళి వెంకయ్యగారు ఇచ్చట ఉపాధ్యాయులుగా నుండిరి.

సాయంకాలము మంగినపూడి తీరమున కూర్చుంటిమి. నేల నల్లగాను, నీరు లోతు లేకయు ఉన్నవి. పూర్వము పెద్ద ఓడలు ఒడ్డుకు రాజాలక దూరముననే లంగరు వేసెడివి. 2023లో క్రొత్త రేవు నిర్మాణమునకు శంకుస్థాపన జరిగినది. సముద్రము శాంతముగా నున్నది. నా శిష్యుడు మాత్రము 1864వ సంవత్సరము మాట యెత్తెను.

ఆ యేట నవంబరు 1వ తేదీ రాత్రి తుఫానుతో ఉప్పెన వచ్చి బందరును ముంచెను. సుమారు 30,000 మంది మరణించిరి. మరల 1977 నవంబరు 19న దక్షిణముననున్న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడెను. సుమారు 10,000 మంది మరణించిరి. రెంటికిని నడుమ 113 సంవత్సరములు. అనగా మొదటిదానిని కన్నులార చూచినవాడొక్కడును రెండవనాటికి మిగులలేదు.

ఇప్పుడు తుఫాను వార్త రేడియోలో ముందుగనే వినవచ్చును. కాని వార్త చెవిని పడుట వేరు, ఇల్లు విడిచి కాలు కదలుట వేరు. నీరు ఎంత యెత్తున వచ్చునో తాతనోట విన్నవాడు ముందుగా కదలును. విననివాడు గొడ్డుగోదను, గిన్నె చెంబును చూచుకొనుచు ఆలసించును.

అందువలన పెద్దలకు నా విన్నపమొక్కటి. బందరులో నాకొకడు దారి చూపినట్లు, మీ గ్రామమున పిల్లలకు మీరు దారి చూపుడు. ఒక దినము మనుమలను వెంటబెట్టుకొని ఊరంతయు తిప్పుడు. చెరువు ఎవరు త్రవ్వించిరో చెప్పుడు. వరద వచ్చిన యేడు నీరు ఏ గుడి మెట్టువరకు వచ్చెనో వ్రేలితో చూపుడు. అప్పుడు జనులు ఏ దిబ్బపైకి ఎక్కి బ్రదికిరో ఆ దిబ్బ మీదికి వారిని ఎక్కింపుడు. మగ్గము నేసినవాని పేరు, మాను నాటినవాని పేరు మీకు తెలిసినంతవరకు ఒక పుస్తకమున వ్రాయింపుడు. ఆ పేర్లను రాతిపై చెక్కించువారు లేరు; మీ నోటనే అవి నిలువవలెను.