క్రిప్టో పందెమూ – కాలేజీ ఫీజూ
(విద్యార్థి వేతనాల పంపిణీ సభలో ఒక విశ్రాంత బ్యాంకు గుమాస్తా చేసిన ప్రసంగ పాఠం)



సభ మొదలు కాకముందు ఒక విద్యార్థి నా దగ్గరకొచ్చి, "సార్, ఈ స్కాలర్‌షిప్పు డబ్బుతో బిట్‌కాయిన్ కొని పదేండ్లు కదపకుండా పెడితే ఎట్లుంటుంది? నష్టం రాకుండా హెడ్జింగ్ చేసుకోవచ్చంట కదా!" అని అడిగాడు. మంచి ప్రశ్న. అందుకే రాసుకొచ్చిన కాగితం జేబులో పెట్టేసి, దీని గురించే నాలుగు మాటలు చెబుతాను.

హెడ్జింగ్ మన మిట్టేమరి రైతుకు కొత్త కాదు. రాగిచేలో అనప సాళ్లు ఎందుకు వేస్తాం? వాన తప్పి రాగి దెబ్బతిన్నా, అనపకాయలైనా చేతికొస్తాయని. ఒకటి పోతే ఇంకొకటి ఆదుకోవాలి. హెడ్జింగ్ అంటే ఇంతే.

బిట్‌కాయిన్ 2009లో మొదలైంది. మొత్తం 2.1 కోట్లకు మించి రాకూడదని దాని నియమం. అందుకే ధర పెరుగుతుందని కొందరి నమ్మకం. 2021 నవంబరులో ఒక్కొక్కటి సుమారు 69,000 డాలర్లు పలికింది. ఏడాది తిరిగేసరికి 16,000 కిందికి దిగింది. మళ్లీ 2025 అక్టోబరులో 1,20,000 దాటింది. ఓపిక పట్టినవారికి లాభం వచ్చిన మాట నిజమే. కానీ 2021 నవంబరులో లక్ష పెట్టి, మరుసటి నవంబరులో ఫీజు కోసం అమ్ముకున్నవారికి అందులో సగం కూడా రాలేదు. ఫీజు గడువు మన కోసం పదేండ్లు ఆగదు కదా!

మరి హెడ్జింగ్ సంగతి? అమెరికాలో షికాగో ఎక్స్ఛేంజీలో 2017 డిసెంబరు నుంచి బిట్‌కాయిన్ ఫ్యూచర్స్ ఉన్నాయి. అంటే ధరను ముందుగానే ఖాయం చేసుకునే ఒప్పందాలు. మన దేశంలో సెబీ గుర్తింపు ఉన్న ఎక్స్ఛేంజీల్లో అవి లేవు. విదేశీ ఎక్స్ఛేంజీకి మార్జిన్ డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకోవు.

పోనీ, రెండు రకాల కాయిన్లు కొందామా? 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు ఉన్నాయి. ఒకదాని నష్టాన్ని ఇంకొకదాని లాభంలో తగ్గించుకోవడానికి వీల్లేదు. ఒకదానిలో లక్ష లాభం, ఇంకొకదానిలో లక్ష నష్టం వస్తే మీకు మిగిలింది సున్నా. అయినా కట్టాల్సిన పన్ను 31,200 రూపాయలు! రాగి పోయిన రైతు అనపకాయల మీద కూడా శిస్తు కట్టినట్టు.

ధర నిలబడినా దాచినచోటు నిలబడాలి. 2024 జులైలో వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టో దొంగలపాలైంది. ఖాతాదారులు నెలల తరబడి తమ సొమ్ము తీసుకోలేకపోయారు. బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది. దీనికి అది లేదు.

ఇక మనబోటివారికి మిగిలిన హెడ్జింగ్ ఒక్కటే, పెట్టే మొత్తాన్ని తగ్గించుకోవడం. రేపు మీరు ఉద్యోగం చేసి, అవసరం లేని లక్ష మిగిల్చారనుకోండి. 95,000 బ్యాంకులో వేసి, 5,000తో కాయిన్ కొనండి. వడ్డీ 6 శాతమైతే ఏడాదికి 5,700. కాయిన్ పూర్తిగా మునిగినా మీ లక్ష మీకుంటుంది. అది మూడింతలైతే 10,000 లాభంలో పన్ను పోను 6,880 మిగులుతుంది. ఆశా ఉంటుంది, అసలూ ఉంటుంది.

ఈ లెక్క నాకు బి.కాం.లోనే తెలుసు. అయినా 1992లో షేర్లు ఎగబాకుతుంటే, చెల్లెలి పెండ్లికి దాచిన డబ్బంతా పెట్టాను. హర్షద్ మెహతా వ్యవహారం బయటపడి మార్కెట్టు కూలింది. పెండ్లి ఏడాది వాయిదా పడింది. మా నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. పొలంలో కొంత అమ్మి పెండ్లి చేశాడు. ఆ పొలం పక్కన నడిచేటప్పుడు ఇప్పటికీ నా తల వంగుతుంది.

కాబట్టి నాయనా, నీ చేతిలోని చెక్కులో ఐదు శాతం కూడా పందేనికి కాదు. అది ఫీజుకే. క్రిప్టో గురించి చదువు, లెక్క నేర్చుకో, తప్పులేదు. తల్లిదండ్రులు కూడా పిల్లలు అడిగితే కసరకుండా, పక్కన కూర్చుని ఈ లెక్క వేయించండి.