చావుకూ ఒక చిరునామా ఉంది



పోయిన వానాకాలంలో మా పనిమనిషి వరసగా నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు వస్తే, అంట్ల గిన్నెలు చూపించి నాలుగు మాటలన్నాను. ఆవిడ ఎదురు చెప్పలేదు. "పిల్లాడికి వాంతులూ విరేచనాలూ అమ్మగారూ, ఆస్పత్రిలో ఉన్నాం" అంది. సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. పల్లపు వీధి. పంపు నీళ్లు పైకి ఎక్కక నేల తవ్వి, గుంటలో బిందె పెట్టి పట్టుకుంటున్నారు. ఆ గుంట పక్కనే మురుగు కాలువ. ఇల్లు మాత్రం నా వంటింటికంటే శుభ్రంగా ఉంది! పిల్లాడు బతికాడు. పక్కింటి పసిపాప బతకలేదు.

"వాళ్లకు శుభ్రత తెలియదండీ" అని మనం ఎంత తేలిగ్గా అనేస్తాం! విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో కలవారూ ఇదే మాట అనేవారు. 1842లో ఎడ్విన్ చాడ్విక్ అనే ఆయన ఒక నివేదిక ప్రచురించారు. అందులోని లెక్క వినండి. మాంచెస్టరు నగరంలో పెద్ద కుటుంబాలవారు చనిపోయే సగటు వయసు 38 ఏళ్లు, కూలివారిది 17. పసిపిల్లల చావులే ఆ సగటును అంత కిందికి దించాయి. కాని రట్లండ్ అనే పల్లెసీమలో కూలివారి సగటు కూడా 38! అంటే నగరంలో కలవారికి దక్కిన ఆయుష్షు పల్లెలో కూలివారికీ దక్కింది. తేడా నుదుటిరాతలో లేదు, వీధిలో ఉంది.

1854లో లండనులోని బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా సోకి 600 మందికి పైగా పోయారు. జాన్ స్నో అనే డాక్టరుగారు ఇంటింటి చావులూ లెక్కగడితే, అవి దాదాపు అన్నీ ఒక పంపు చుట్టూ తేలాయి. పంపు పిడి ఊడదీయించారు. తరవాత ఇంకో సంగతి బయటపడింది. ఒక తల్లి జబ్బుపడిన బిడ్డ గుడ్డలు ఉతికి, ఆ నీళ్లు ఇంటి మురుగు గుంటలో పోసింది. గుంట గోడ శిథిలమై ఆ మురుగు పక్కనున్న బావిలోకి ఊరింది. ఆ తల్లిదా తప్పు? ఇంకెక్కడ పోయాలి ఆవిడ?

సరిగ్గా ఆ రోజుల్లోనే మన బెజవాడలో కృష్ణానదికి ఆనకట్ట కడుతున్నారు. 1855లో పూర్తయింది. ఆ కాలవలే డెల్టాకు అన్నం పెట్టాయి, ఊరి చెరువులు నింపి దాహం తీర్చాయి. ఆ కాలవల్లోకే మనం మురుగూ వదిలాం. ఇవన్నీ పాత కథలనుకోకండి. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి పదిమందికి పైగా చనిపోయారు.

ఇది ఎలా జరుగుతుందంటారా? నీళ్లు కట్టేసిన వేళ గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. గొట్టానికి బీట ఉంటే చుట్టూ ఉన్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ఆ మురుగే బిందెలోకి వస్తుంది.

అందుచేత వానాకాలంలో నీళ్లు తెర్లకాచి తాగండి. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలగొట్టి కలిపి, కొద్దికొద్దిగా పడుతూ ఉండండి. పసివాళ్లకు పాలు మాన్పించవద్దు. నీరసించిపోతే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఈ జాగ్రత్తలు మీ పనిమనిషికీ చెప్పండి. కాని చెప్పి ఊరుకోకండి. రోజంతా కాచుకోవడానికి ఆవిడకు గ్యాసు ఎక్కడిది? మా వీధి ఆడవాళ్లం పదిమందిమి కలిసి, ఆ పల్లపు వీధి గొట్టం మార్చమని అర్జీ పెట్టాం. ఆ నాలుగు రోజుల జీతం నేను కోయలేదు. ఆ నాలుగు మాటలు మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాను.

సెలవు.